కాంటా మీద ఎనిమిది కిలోలు

2003 ఏప్రిల్ 28, సోమవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. బాన్సువాడ మార్కెట్ యార్డులో, వేసవిలో కోతకొచ్చే యాసంగి వడ్ల తూకం మొదలుకావలసిన రోజు. నేను అక్కడ తూకం వేసే దడ్వాయిని. వయసు ముప్పై నాలుగు. ప్రతి పంటకూ తొలి బస్తా ఎక్కించే ముందు మేమందరం ఒక్కొక్కరుగా కాంటా మీద నిలబడే ఆనవాయితీ ఉండేది. ఆ బరువులన్నీ నా డైరీలో రాసేవాణ్ణి.

నా వంతు వచ్చినప్పుడు ముల్లు అరవై మూడు దగ్గర ఆగింది. పక్కనున్న పెద్ద హమాలీ వంగి చూశాడు.

"ఏందన్నా, నీకు గూడ తరుగు తీసిన్రా?"

తడి, తాలు పేరిట బస్తా బరువులో తగ్గించే లెక్కను తరుగు అంటాం. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాంటాలో ఏదో తేడా ఉందన్నాను.

"కాంటా మంచిగనే ఉన్నది. పోయినసారి ఎంతున్ననో గంతే ఉన్న నేను. గా పుస్తకం తెరిచి సూడు."

తెరిచాను. కిందటి నవంబరులో అతడిది యాభై ఎనిమిది. ఆ రోజూ యాభై ఎనిమిదే. నాది అప్పుడు డెబ్బై ఒకటి.

అదే డైరీలో జనవరి నుంచి మరో లెక్క ఉంది: విరేచనంలో రక్తం పడిన రోజుకో గీత, మొత్తం పందొమ్మిది. మొలలని నాకు నేనే తీర్పు చెప్పుకొని, కారం మానేసి, మజ్జిగ తాగుతూ గడిపాను. క్యాన్సర్ ముసలివాళ్ల జబ్బని నా నమ్మకం. రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడాలని అంతవరకూ తోచలేదు.

సాయంత్రం రెండు పేజీలూ నా భార్యకు చూపించాను.

"వడ్లు గుప్పెడు తగ్గితే ఊరుకోరు కదండీ మీరు" అని మాత్రం అంది. మర్నాడు తొలి బస్సుకు నిజామాబాద్ బయలుదేరదీసింది. అక్కడి డాక్టరు కూడా నా వయసు చూసి మొలల మందే రాయబోయాడు. ఆమె డైరీ తీసి ఆయన ముందు పెట్టింది. చదివి, కలం మూసి, గొట్టంతో లోపల చూడాలన్నాడు. పెద్దపేగులో కణితి కనబడింది. మే నెలలో హైదరాబాదులో కోసి తీసేశారు. క్యాన్సరే కానీ, పేగు గోడ దాటలేదన్నారు.

నవంబరు తూకానికి తిరిగి వెళ్లాను. అరవై ఆరు.

"సగం కూడ వాపస్ రాలే గదన్నా. ఇగ మంచిగ తిను" అన్నాడు హమాలీ.

చిన్న వయసువారిలో ఈ జబ్బు అనేక దేశాల్లో పెరుగుతోందని ఇప్పుడు పత్రికల్లో చదువుతుంటాను. వారి ఇంట్లో బరువు రాసిపెట్టేవారెవరైనా ఉన్నారా అనుకుంటాను.

ఇప్పటికి పోయినవి: జానెడు పేగు, ఒక యాసంగి తూకం, మూడు కిలోలు. మిగిలినవి: అరవై ఎనిమిది కిలోల నేను, కాంటా పని, అన్నంలోకి ఆవకాయ. రక్తం లెక్క రాసిన పేజీలో ఇరవయ్యో గీత పడలేదు.