దిగుడుబావికి దూరంగా నాయకత్వ శిక్షణ

ఖాళీ కుండ భుజాన పెట్టుకుని ఆ యువకుడు ఊరి దిగుడుబావి మెట్లు దిగాడు. నడినెత్తిన ఎండ. గట్టు మీది ఆడవాళ్లు మాటలు ఆపేశారు. కింద కుండ మునిగిన చప్పుడు పైకి స్పష్టంగా వినిపించింది. నిండు కుండతో అతను పైకి వచ్చేటప్పటికి పొలాల్లోంచి కట్టెలు పట్టుకుని జనం పరుగెత్తుకొస్తున్నారు. హక్కుల కోసం ముందు నిలబడటం ఎలాగో వారం రోజులుగా అతనికి నేర్పిన పెద్దలు మాత్రం కూతవేటు దూరంలో షామియానా కిందే కూర్చుని ఉన్నారు.

అది నందికొట్కూరు దగ్గరి పల్లె. కర్నూలు రాజధానిగా ఉండి, సర్కారు కచేరీలు కొన్ని డేరాల్లో నడుస్తున్న కాలం. అంటరానితనం పాటిస్తే నేరమనే చట్టం కొత్తగా వచ్చింది. దాన్ని పల్లెలకు చేర్చే యువ నాయకులను తయారు చేస్తామని కర్నూలు వకీలు ఒకాయన మిత్రులతో కలిసి శిబిరం పెట్టాడు. దినపత్రిక విలేకరిగా నేనూ వెళ్లాను.

వేదిక మీద ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో నేర్పారు. మెడలో పడ్డ దండను ఎంతసేపు ఉంచుకుని తీయాలో నేర్పారు. వందన సమర్పణలో ఎవరిని మరిచిపోతే ప్రమాదమో దానికి ఒక పూట పట్టింది. ప్రాథమిక హక్కులను ఎక్కాల్లాగా వల్లె వేయించారు. ఒక మధ్యాహ్నం సహపంక్తి భోజనమన్నారు. విస్తళ్లు పరిచి, అన్ని కులాల పిల్లలనూ పక్కన కూర్చోబెట్టుకుని పెద్దలు ఫోటో తీయించుకున్నారు. ఫోటో కాగానే లేచి చేతులు కడుక్కున్నారు. వాళ్లకు వంట ఊరి పెద్ద రెడ్డిగారింట్లో సిద్ధంగా ఉంది. విస్తట్లో మెతుకు ముట్టని చేతులను ఎందుకు కడుక్కున్నారో నాకు అర్థం కాలేదు.

ఆ యువకుడిది ఆ ఊరి మాలపల్లే. చర్చి బడిలో పంతులు. వాళ్ల ఆడవాళ్లు బావి మెట్లు దిగకూడదు. గట్టున కుండలు పెట్టుకుని కూర్చుంటే, నీళ్లకొచ్చిన ఊరివాళ్లలో ఎవరికైనా మనసు పుట్టినప్పుడు పైనుంచి పోస్తారు. ఎండాకాలం సగం పూట అలా కూర్చోవడంలోనే పోయేది. అతను శిబిరంలో చేరింది ఆ ఒక్క సంగతి తేల్చుకోవడానికే.

ఆఖరి రోజు ఒక్కొక్కరూ ప్రసంగం చేసి చూపాలి. అతని వంతు వచ్చింది.

"నాకు ప్రసంగం వద్దు సార్. బాయి ఈడనే ఉండాది. మీరు ముందర నడవండి, మేము ఎనకాల వస్తాం."

వకీలు నవ్వాడు. "ఇది అభ్యాసం తమ్ముడూ. ఆచరణకు సందర్భం రావాలి."

"మావాళ్లు ఇప్పుడు గూడ గట్టున కూచోని ఉండారు సార్. ఇంతకన్నా సందర్భం యాడ దొరుకుతాది?"

"తొందరపెట్టొద్దప్పా," అన్నాడు వెనక వరసలోంచి ఒక కుర్రాడు. "సార్ ఇంకా దండ తీయల్యా."

అందరూ నవ్వారు. ఒక్కరూ లేవలేదు. అతను ఒక్కడే వెళ్లాడు.

జనం వచ్చి కుండ పగలగొట్టారు. వెనకే రెడ్డి వచ్చాడు. "ఏమప్పా, పిల్లోల్లకు సదువు చెప్పేటోనివి, నువ్వే ఇట్ల చేస్తే ఎట్ల?"

"నీళ్లకు వస్తి, దిగితి రెడ్డీ. దాంట్లో తప్పేముండాది?"

అప్పుడు వచ్చాడు వకీలు, ఇద్దరికీ మధ్యవర్తిగా. సాయంత్రం రెడ్డిగారి అరుగు మీద రాజీ కుదిరింది. యువకుడిని వాకిట్లో నిలబెట్టారు. బావిలో పూడిక పేరుకుందట. అది తీసేదాకా ఏ కులం వాళ్లూ దిగకూడదట. చీకటి పడకముందే మెట్లకు అడ్డంగా తుమ్మకంప వేయించారు. ముగింపు సభలో వకీలు దీన్ని విజయమని ప్రకటించాడు. ఇప్పుడు ఊళ్లో అందరూ సమానమేనన్నాడు. చప్పట్లు కొట్టడం కూడా శిక్షణలో భాగమే కాబట్టి కొట్టారు. ఊరివాళ్లకు తోటల్లో సొంత బావులున్నాయి. మాలపల్లెకు మిగిలింది వంక ఇసకలో తవ్వుకునే చెలమలే.

"ఇన్నాళ్లూ అడుక్కుంటేనన్నా ఒక కడవ పోస్తాండ్రి," అని తల్లి అతన్ని తిట్టింది. "నీ సదువు పాడుగాను, ఇప్పుడు యాడికి పోవల్లరా?"

"ఇంగ అడుక్కునే పని ల్యాదులేమ్మా. పోసేటోల్లే ల్యారు," అన్నాడతను.

నేను పంపిన వార్తలో బావి సంగతి పత్రికాఫీసులో కత్తిరించారు. వకీలు ఉపన్యాసం మాత్రం పొడుగ్గా వేశారు. కేసు వేయమని యువకుడు కర్నూలుకు చాలాసార్లు తిరిగాడు. వకీలు ప్రతిసారీ ఓపిక పట్టమన్నాడు. అంతలో రాజధాని హైదరాబాదుకు మారింది. దాని వెంట వకీలూ మారాడు.

కొన్నేళ్ల తర్వాత ఆ దారిన పోతూ పంచాయతీ ప్రెసిడెంటును అడిగాను, పూడిక ఎప్పుడు తీస్తారని. "ఇంకా అనుకోల్యాదప్పా," అన్నాడు. మాలపల్లె ఆడవాళ్లు అప్పటికీ వంక నుంచే నీళ్లు మోస్తున్నారు.