క్లోవిస్ రోబిషో ఎడమ కన్ను

మా బావ క్లోవిస్ రోబిషో పదమూడేళ్లు హాకీ ఆడి బతికాడని ఊళ్లో అందరూ అంటారు. నేను అనను. పదమూడేళ్లు కొట్టి, కొట్టించుకుని బతికాడు. మంచు మీద పక్ అనే రబ్బరు బిళ్ల వెనకాల పరుగెత్తడం జట్టులో వేరేవాళ్ల పని. వాళ్ల మీద ఎదుటి జట్టువాడు ఎవడైనా చెయ్యి వేస్తే, గ్లవ్స్ కింద పడేసి వాడి సంగతి తేల్చడం మా బావ పని. ప్రతి జట్టుకీ అలాంటివాడు ఒకడుంటాడు. జనం వాడి కోసమే టికెట్లు కొంటారు. వీధిలో కనిపిస్తే పిల్లల్ని భుజాలకెత్తుకుని మరీ చూపిస్తారు. అల్లుడిగా మాత్రం ఎవరికీ అక్కర్లేదు. మా అక్క ఓడీల్ ఇంట్లో ఎవరి మాటా వినకుండా చేసుకుంది.

నేను పోర్ట్-సెలీన్ రింకులో, అంటే ఆట ఆడే మంచు మైదానంలో, మంచు బండి నడిపేవాణ్ణి. ఒక పీరియడ్, అంటే ఆటలో మూడో వంతు, అయ్యాక స్కేట్లు గీరేసిన మంచును మళ్లీ నున్నగా చేసే బండి అది. ఆట సాగినంతసేపూ గేటు దగ్గర నిలబడి ఉంటాను కాబట్టి, జనం అరుపులు వినిపించే చోటు కాదు నాది, ముక్కు విరిగిన చప్పుడు వినిపించే చోటు. పైన కూర్చుని వేరుశనగలు నమిలేవాళ్లకి ఆ చప్పుడు తెలియదు. తెలిస్తే ఇంకా ఎక్కువ డబ్బిచ్చి ముందు వరసలో కూర్చునేవాళ్లేమో, మా ఊరివాళ్లని నమ్మలేం.

క్లోవిస్ పీతలూ రొయ్యలూ పట్టే ఇంటినుంచి వచ్చాడు. నిజం చెప్పాలంటే బాగా ఆడేవాడు. గడ్డకట్టిన వాగు మీద చిన్నప్పుడు అతను పక్ తోసుకెళ్తుంటే నేను కళ్లారా చూశాను, ముగ్గురు కలిసినా లాక్కోలేకపోయేవాళ్లు. పదిహేడో ఏట మా ఊరి జట్టు ఎంపికకి పట్నం వెళ్తే అక్కడ కోచ్ ఏమన్నాడో మా బావ జీవితాంతం నవ్వుతూ చెప్పుకునేవాడు. "గోల్స్ కొట్టేవాళ్లు నాకు బుట్టలకొద్దీ ఉన్నార్రా అబ్బాయ్. ఇంత పిడికిలి ఉన్నవాడు ఒక్కడూ లేడు. ఏం, జట్టులో ఉంటావా, పీతల పడవెక్కుతావా?" అంతే. ఆ రోజు నుంచి అతని కాళ్ల సంగతి ఎవరూ అడగలేదు.

ఈ కొట్లాటలకి ఒక నీతి ఉంది. ఎక్కడా రాసి లేదు గానీ, చర్చిలో పది ఆజ్ఞలు మరిచిపోయినవాడు కూడా దీన్ని మరిచిపోడు. పడినవాణ్ణి కొట్టకూడదు. కుర్రాడు వచ్చి అడిగితే పెద్దవాడు కాదనకూడదు, ఎందుకంటే పేరున్నవాడితో కొట్లాడితేనే కుర్రాడికి పేరొస్తుంది, పేరొస్తేనే ఉద్యోగం నిలుస్తుంది. ఎదుటివాడి ఒంట్లో ఎక్కడ దెబ్బ ఉందో తెలిస్తే అక్కడ చెయ్యి పెట్టకూడదు. క్లోవిస్ ఇరవయ్యో ఏట పెర్సీ టబ్స్ అనే ముసలి పోట్లగిత్తని అడిగాడు. టబ్స్‌కి అప్పటికే పక్కటెముకలు విరిగి కట్టు కట్టి ఉంది, అందరికీ తెలుసు. అయినా వచ్చాడు. మా బావ అతని మొహాన్ని పచ్చడి చేశాడు గానీ ఎముకల జోలికి పోలేదు. ఆట అయ్యాక ఆ టబ్సే బీరు కొనిచ్చి, "రేపు నిన్నూ ఎవడో కుర్రకుంక అడుగుతాడు. అప్పుడు ఏడవకుండా ఒప్పుకో" అన్నాడట.

అలా పదమూడేళ్లు. ఏటా శరత్కాలంలో పై లీగు వాళ్లు శిబిరానికి పిలిచేవాళ్లు, తమ కుర్రాళ్లని అతని పిడికిళ్ల మీద పరీక్షించుకుని మళ్లీ మా ఊరికి పంపేసేవాళ్లు. అక్కడ ఒక్క ఆట కూడా ఆడించలేదు. వేళ్లు వంకర్లుపోయి చొక్కా గుండీలు మా అక్కే పెట్టాల్సి వచ్చేది. పై పళ్లు ఒక్కటీ సొంతవి కావు. ఇంత జరిగినా అతను చేదుమనిషి కాలేదు, అదే నాకు ఒళ్లు మంట.

ఆఖరి చలికాలంలో ఎడమ కంట్లో తెర దిగినట్టు నీడ కనిపించింది. పట్నం డాక్టరు చూసి, కంటి వెనక పొర ఊడిపోయేలా ఉంది, ఇంకొక్క దెబ్బ తగిలితే ఆ కన్ను పోతుంది, ఇవాళే ఆట మానెయ్ అన్నాడు. పక్కన మా అక్క ఉంది, ఆవిడా విన్నది. కలప మిల్లు మేనేజరు అప్పటికే మాటిచ్చి ఉన్నాడు, ఆట మానాక మొద్దుల లారీ నడిపే పని ఇస్తానని. ఒంటికన్నువాడికి లారీ ఇవ్వరు. వేరే చదువూ, వేరే పనీ అతనికి లేవు. కాబట్టి ఆ కన్నే వాళ్ల ముందున్న బతుకంతా.

కోచ్‌కి చెప్పాడు. కోచ్ తల గోక్కుని, "నీ వీడ్కోలు సాయంత్రానికి టికెట్లన్నీ అమ్ముడైపోయాయి క్లోవిస్. ఆ ఒక్కరోజు బట్టలేసుకుని బెంచీ మీద కూర్చో. మంచు మీదికి దింపితే ఒట్టు" అన్నాడు.

వీడ్కోలు సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లేసరికి అక్క అతని చొక్కాకి గుండీలు పెడుతోంది.

"వెళ్లు, ఇచ్చినవి పుచ్చుకో, చెయ్యి ఊపు, వచ్చెయ్. ఎవడైనా అడిగితే కాదను" అంది.

"అడిగినవాణ్ణి కాదంటే ఇక నేనెవర్నే?"

"రెండు కళ్లున్న మొగుడివి."

అతను నవ్వి నావైపు చూశాడు. "మీ అక్కకి నాకంటే నా కన్నంటేనే ప్రేమ రా."

"కన్ను తిన్నగా ఉంటుంది మరి, నీలాగా కాదు" అని చివరి గుండీ పెట్టింది.

రింకులో ఇసకేస్తే రాలనంత జనం. మిల్లు వాళ్లు వాలుకుర్చీ ఇచ్చారు, కిరాణా కొట్టాయన ఉప్పులో ఊరిన పంది తొడ ఇచ్చాడు, మేయరు అతని పేరే తప్పు పలికి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఎదుటి జట్టులో డార్సీ హ్లాడన్ అని పడమటి గోధుమ పొలాల నుంచి వచ్చిన కుర్రాడున్నాడు. నెమ్మదస్తుడిలా కనిపిస్తాడు, పాలబుగ్గలు. ఆ ఏడు వాడి జట్టులో వాడి చోటు ఇవాళో రేపో అన్నట్టుంది. మొదటి పీరియడ్‌లో బెంచీ పక్కగా వచ్చి ఆగాడు.

"మిస్టర్ రోబిషో, మీరంటే మా నాన్నకి ప్రాణం. ఒక్కసారి వస్తారా?"

బెంచీ మీద అందరూ తలలు వంచుకున్నారు. క్లోవిస్ క్షణమైనా ఆలోచించలేదు. "రెండో పీరియడ్‌లో రా. మా అమ్మ ఇంకా వచ్చి కూర్చోలేదు" అన్నాడు.

పై వరసలోంచి మా అక్క ఇదంతా చూసింది. మాటలు వినపడకపోయినా అర్థం కాకపోవడానికి ఆవిడేమీ కొత్తపెళ్లికూతురు కాదు. పీరియడ్ అవగానే మెట్లు దిగి నేరుగా నా గేటు దగ్గరికి వచ్చింది. ఎదుటి జట్టు లోపలికి వెళ్లే దారి అక్కడే. నేను బండి ఎక్కి కూర్చున్నాను, ఇంకా స్టార్టు చేయలేదు. హ్లాడన్ చెయ్యి పట్టుకుని ఆపింది.

"బాబూ, నేను క్లోవిస్ భార్యని. ఆయనతో కొట్లాడకు."

"కొట్లాడకపోతే రేపు నన్ను ఇంటికి బస్సెక్కిస్తారమ్మా. ఆయన మాటిచ్చారు కూడా."

ఆవిడ అటూ ఇటూ చూసింది. గొంతు తగ్గించింది. "అయితే తూతూమంత్రంగా కానియ్యి. ఆయన కంటికి బాగాలేదు. ఇంకొక్క దెబ్బ తగిలితే పోతుందన్నాడు డాక్టరు."

"అయ్యో. ఏ కన్నమ్మా?"

"ఎడమది."

కుర్రాడు హెల్మెట్ తీసి, రెండు చేతులతో ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "చెప్పి మంచి పని చేశారమ్మా. లేకపోతే తెలియక పాపం చేసేవాణ్ణి. మీరెళ్లి నిశ్చింతగా కూర్చోండి."

మా అక్క మొహం తేటపడింది. దెబ్బ ఎక్కడుందో తెలిస్తే అక్కడ చెయ్యి పెట్టకూడదని పదమూడేళ్లుగా మొగుడి నోట విన్న మనిషి. మా ఊరి ఆడవాళ్లకి దేవుడి మాట ఎంతో ఆ మాటా అంతే. దొంగ చేతికి తాళాలిచ్చి, హాయిగా మెట్లెక్కి వెళ్లి అత్తగారి పక్కన కూర్చుంది.

రెండో పీరియడ్ సగంలో జనం "క్లో-విస్! క్లో-విస్!" అని బల్లలు గుద్దడం మొదలుపెట్టారు. ఒట్టేసిన కోచ్ ఒకసారి జనం వైపు చూసి, ఒకసారి ఓనరు వైపు చూసి, మా బావ వీపు తట్టాడు. హ్లాడన్ అప్పటికే మంచు మీద ఉన్నాడు. ఇద్దరూ గ్లవ్స్ వదిలేశారు, హెల్మెట్లు తీసి మర్యాదగా పక్కన పెట్టారు.

హ్లాడన్ ఎడంచేతివాటం. ఆ ఏడు వాడు మా రింకుకి రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ ఎడంచేత్తోనే కొట్టాడు. మా బావకీ అది తెలుసు, అందుకే వాడి ఎడంచేతిని జెర్సీతో సహా ఒడిసి పట్టుకున్నాడు. వాడు లాక్కోలేదు. నవ్వినట్టనిపించింది నాకు. కుడి పిడికిలి ఎత్తి ఎడమ కంటి మీద కొట్టాడు. మళ్లీ అక్కడే. మళ్లీ అక్కడే. ముక్కు మీద కాదు, దవడ మీద కాదు. మేకు దిగగొట్టేవాడు ఎంత గురి చూస్తాడో అంత గురి. క్లోవిస్ మోకాళ్ల మీదికి వచ్చేదాకా వదల్లేదు. అప్పుడు మాత్రం చటుక్కున ఆపాడు, ఎందుకంటే పడినవాణ్ణి కొట్టకూడదు కదా! వంగి లేవదీశాడు. భుజం తట్టాడు. ఎంత సంస్కారవంతుడో అని మా ఊరి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాకు వాళ్లందరి మీదా బండి నడిపెయ్యాలనిపించింది.

కన్ను పోయింది. ఆసుపత్రిలో కట్టుతో పడుకుని మా బావ అన్న మొదటి మాట, "చెయ్యి మార్చాడు చూశావా బావమరిదీ! నేను ఎడంచెయ్యి పట్టుకుంటానని వాడికి ముందే తెలుసు. బుర్ర ఉన్న కుర్రాడు." మా అక్క కిటికీ దగ్గర నిలబడి ఉంది. నావైపు ఒక్క చూపు చూసింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. నేను నోరు మూసుకున్నాను, ఆవిడా మూసుకుంది.

మిల్లు మేనేజరు లారీ ఇవ్వలేదు. వచ్చే పోయే లారీలకి గేటు కర్ర ఎత్తే పని ఇచ్చి, ఎంతో దయ చూపించినట్టు పేపర్లో ఫొటో వేయించుకున్నాడు. ఏరు దాటి తెప్ప తగలేసే జనం, మరుసటి ఏడు కొత్త పిడికిలి పేరు అరిచారు. హ్లాడన్ ఆ శరత్కాలంలోనే పై లీగుకి వెళ్లాడు.

ప్రతి శనివారం మా బావ వాలుకుర్చీ టీవీకి దగ్గరగా లాక్కుని వాణ్ణి చూసేవాడు. "నాతో కొట్లాడి పైకొచ్చాడు. న్యాయంగా కొట్టాడు, నన్ను గెలిచాడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. పదమూడేళ్ల ఆటలో అతనికి మిగిలింది ఆ మాట ఒక్కటే. పై లీగులో ఉన్నవాడు తన చేతుల మీదుగా వెళ్లాడని. మా అక్క ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఆరేళ్ల తర్వాత రింకు వార్షికోత్సవం విందుకి హ్లాడన్‌ని ముఖ్య అతిథిగా పిలిచారు. ఖరీదైన సూటు, పాలబుగ్గలు పోయి కాస్త లావెక్కాడు. మా బావని ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టారు, పక్కన మా అక్క. తాగి ఉన్నాడో, నవ్వించాలన్న సరదాయో, హ్లాడన్ మైకు పట్టుకుని మొదలుపెట్టాడు.

"ఆ రోజు నేను వణికిపోతున్నానండీ. క్లోవిస్ రోబిషో అంటే మాటలా! అప్పుడు ఎవరొచ్చారనుకున్నారు? సాక్షాత్తూ ఆయన భార్య! వచ్చి, బాబూ, ఆయన ఎడమ కన్ను బాగాలేదు అని చెప్పింది. మగవాళ్లారా, పెళ్లాంతో పోట్లాడితే ఆ మర్నాడు మాత్రం మంచు మీదికి దిగకండి!"

హాలు పగలబడి నవ్వింది. పళ్లేలు కదిలిపోయాయి. ఒకడైతే బల్ల మీద తల పెట్టుకుని మరీ నవ్వాడు. మా బావ కూడా నవ్వాడు, అందరికంటే గట్టిగా. లేచి వెళ్లి హ్లాడన్‌తో చెయ్యి కలిపాడు. ఫొటో తీశారు. మా అక్క ఒళ్లో రుమాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

కారు నేనే నడిపాను. దారిలో ఆవిడ, "క్లోవిస్, నేను నిన్ను కాపాడాలనే..." అంది.

"కుర్రాడు బాగా మాట్లాడతాడు" అన్నాడు అతను కిటికీలోంచి చూస్తూ.

తిట్టి ఉంటే బాగుండేది. నేనైతే తిట్టేవాణ్ణి, రెండు రోజులు తిండి మానేవాణ్ణి, మూడో రోజు తినేవాణ్ణి.

ఆదివారం చర్చి అయ్యాక భోజనానికి వెళ్లాను. కోడికూర పులుసు, మీద పిండి ఉండలు, మా అమ్మ చేసినట్టే. కన్ను పోయిన దగ్గర్నుంచి అక్క ఎప్పుడూ అతని కుడిపక్కనే కూర్చునేది, కనిపించాలని. ఆ రోజు వెళ్లేసరికి అతను తన కుర్చీ బల్ల అవతలి వైపుకి జరుపుకుని, కుడిపక్కన గోడ వచ్చేలా కూర్చుని ఉన్నాడు. ఆవిడకి అతని ఎడమపక్క తప్ప వేరే చోటు మిగల్లేదు. కూర్చుంది. గిన్నెలో పులుసు పోసి అతని ముందు పెట్టింది.

"వేడిగా ఉంది, చూసుకుని తిను" అంది.

అతను తల తిప్పలేదు. ఒక చెంచా తాగి, నావైపు చూసి మామూలు గొంతుతోనే అన్నాడు.

"బావమరిదీ, మీ అక్కని కాస్త ఉప్పు అందించమను."