ముదరని గింజలు
ఆఫీసులో అందరూ తోటమ్మ అని పిలిచే ఆవిడకు పూలు వాడాకే అసలు పని మొదలవుతుంది. మిరియాల్లాంటి చంద్రకాంత గింజలను ఒడిలోకి రాల్చుకుంటుంది. తాకితే చిట్లే బాల్సం కాయలను గుప్పిట మూసి కోస్తుంది. తలవంచిన పొద్దుతిరుగుడు పువ్వు వీపు పసుపుబారిందా అని తిప్పి చూస్తుంది. బంతి దగ్గర మాత్రం ఎక్కువసేపు కూర్చుంటుంది. ఆ బంతి మొదట చల్లింది ఆమె భర్త. ఆయన పోయాక, ఆయన చేసిన తోటమాలి ఉద్యోగం ఆమెకిచ్చారు. పదకొండేళ్లుగా, ఏటా దాచిన గింజలన్నీ చల్లడం, పూశాక మళ్లీ కొత్త గింజలు దాచడం ఆమె పని.

మొన్న కొత్త మేనేజరు వచ్చి, "ఏంటమ్మా ఈ ఎండు మొక్కలు? రేపు పెద్దవాళ్లొస్తున్నారు, అన్నీ పీకెయ్" అన్నాడు.

"నాలుగు రోజులాగండి సార్, బంతి గింజ ఇంకా ముదరలేదు."

"బంతి గింజలకేం కరువు? సంచెడు కొనిస్తాలే."

ఆమె తన చేత్తోనే పీకింది. సాయంత్రం ఆ బంతిపూలన్నీ ఇంటికి తెచ్చి ఒక్కొక్కటే విప్పసాగింది. కుంచె వెంట్రుకల్లా గుత్తిగా ఉన్న గింజలు నల్లబడనే లేదు. తెల్లగా, మెత్తగా ఉన్నాయి. వాటిని కాగితం మీద పరిచి, ఎగిరిపోకుండా ఫ్యానాపింది.

"ఇవి మొలవవు కదమ్మా" అంది కూతురు.

"తెలుసే" అంది తల్లి, తలెత్తకుండా.

కూతురు ఆ ఉక్కపోతలోనే పక్కన చేరి, తనూ ఒక పువ్వు విప్పసాగింది.