నూట ఎనభై డిస్కు

కొండ సైకిల్ పోటీలకు తయారయ్యే పిల్లలు నన్ను ముందుగా అడిగేది ఒకటే. ముందు చక్రానికి నూట అరవై మిల్లీమీటర్ల బ్రేకు డిస్కు వేయించుకోవాలా, నూట ఎనభైదా అని. నేను టెక్కలి దగ్గర ఒక బడిలో పీఈటీని. ఎండలో విజిల్ ఊది ఊది గొంతు పోగొట్టుకున్న మనిషిని. నీ బరువెంత, ఎక్కడ తొక్కుతావు అని అడిగి, యాభై కిలోల లోపైతే నూట అరవై చాలు పో అని పంపేస్తాను. ఎందుకు టీచర్ అని ఎవరైనా అడిగితే విసుక్కుంటాను. పిల్లల మీద కాదు ఆ విసుగు, కానీ వాళ్లకేం తెలుసు పాపం.

నాకు ఈ డిస్కు గొడవ మొదలైనప్పుడు నాది డిగ్రీ ఆఖరి ఏడాది. మా ఊరు పూండి నుంచి సముద్రం వైపు. ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. అమ్మ తెల్లారగానే ఆటో ఎక్కి పలాస వెళ్లి, ఒక జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. ఉడికించిన పిక్కను కత్తి కింద పెట్టి రెండు చెక్కలు చేసి పప్పు తియ్యాలి. తొక్కలో నల్లటి నూనె ఉంటుంది, అది చర్మాన్ని తినేస్తుంది. చేతులకు బూడిద రాసుకున్నా, గ్లౌజులు వేసుకున్నా ఎంతో కొంత లోపలికి దిగుతుంది. పాతికేళ్లు ఆ పని చేసిన అమ్మ వేళ్ల మీద గీతలే లేవు. రేషన్ కోసం మిషను మీద వేలు పెడితే అది ఒప్పుకునేది కాదు. నేను వెళ్లి నా వేలు పెట్టి బియ్యం తెచ్చేదాన్ని.

మా కాలేజీ పీడీ మాస్టారికి కొండ సైకిళ్ల పిచ్చి. ఎక్కడో విశాఖలో ఎవరో తొక్కి వదిలేసిన సైకిల్ తెచ్చి నా చేతికిచ్చారు. జిల్లా జట్టులో నలుగురు అమ్మాయిలను తీసుకుంటారు. జట్టులో ఉన్నట్టు ఒక కాగితం ఉంటే వ్యాయామ విద్య కాలేజీలో సీటు ఖాయమని ఆయన చెప్పారు. వయసు లెక్కన నాకు అదే ఆఖరి ఏడాది. సీటు రాకపోతే అమ్మ పక్కన ఇంకో పీట వేసుకోవడమే. ఈ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ ఇద్దరికీ తెలుసు.

అమ్మకి ఆ సైకిలంటే ప్రాణం. పనికి వెళ్లే ముందు దాన్ని వాకిట్లోకి తెచ్చి, ఫ్యాక్టరీకి పట్టుకెళ్లే గుడ్డతోనే తుడిచేది. డిస్కుని మరీను. వెండి పళ్లెంలా ఉందే అని మురిసిపోతూ బొటనవేలితో రుద్ది రుద్ది మెరిపించేది.

టెక్కలి వెనక కొండ మీద, జీడి తోటల మధ్య ఎర్రమట్టి దారిలో మా సాధన. ఎక్కడం బాగానే వచ్చింది. దిగేటప్పుడే చచ్చేదాన్ని. బ్రేకు పట్టుకుంటే కీచుమని ఊరంతా వినబడేలా అరిచేది కానీ ఆగేది కాదు. రెండుసార్లు తోటలో పడ్డాను. డిస్కు చిన్నది సార్, సరిపోవడం లేదు అన్నాను. "నువ్వున్నదే నలభై ఎనిమిది కేజీలు, నూటరవై నీకు ఎక్కువే" అన్నారు మాస్టారు. నేను వినలేదు. ఆడలేక మద్దెల ఓడంది అని కాలేజీలో వెనక నవ్వుకున్నారు కూడాను. వారం రోజులు ఆయనతో అదే గొడవ.

అమ్మతో చెప్పాను. ఆవిడకి మిల్లీమీటర్లు ఏం తెలుస్తాయి.

"సిన్నదైతే పెద్దది ఎయ్యించుకో. దానికేటి?" అంది.

నాలుగు ఆదివారాలు అమ్మ చర్చికి రాలేదు. ఆదివారం కూడా పనికి వెళ్లింది. ఒంట్లో బాగోలేదా మీ అమ్మకి అని పాస్టర్ గారు అడిగితే, జ్వరమని చెప్పాను. నా జీవితంలో చర్చి గుమ్మంలో ఆడిన అబద్ధం అదొక్కటే. అయిదో వారం కాశీబుగ్గలో సైకిల్ షాపు పెట్టుకున్న పెద్దాయన దగ్గర ముందు చక్రానికి నూట ఎనభై డిస్కు, కొత్త బ్రేకు ప్యాడ్లు పడ్డాయి. బ్రేకును కాస్త ఎత్తు చేయడానికి ఒక ఇనప ముక్క కూడా బిగించాడు. రెండు రోజులు బ్రహ్మాండంగా ఆగింది. మూడో రోజు నుంచి మళ్లీ అదే అరుపు, అదే జారుడు.

గోరుచుట్టు మీద రోకటి పోటు. ఎంపికకి ఇంకా ఆరు రోజులే ఉంది. మళ్లీ ఆ షాపుకే వెళ్లాను. పెద్దాయన ప్యాడ్లు ఊడదీసి, వెలుతుర్లో పెట్టి చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"డిస్కుది తప్పు కాదమ్మా. ఇది జీడి తొక్క నూనె. ఎవులు తుడుత్తన్నారు దీన్ని?"

 ఆయనకి అర్థమైపోయినట్టుంది, పలాసలో పుట్టిన మనిషి కదా.

"ఇదే నూనెని కంపెనీలోళ్లు డ్రమ్ములకొద్దీ పట్టుకెళ్లి, ఉడకబెట్టి గట్టిపరిసి లారీ బ్రేకుల్లో కలుపుతారు. గట్టిపడితే బండిని ఆపుతాది. పచ్చిదయితే ఇలాగే జారిపోతాది" అన్నాడు. డిస్కుని స్పిరిట్‌తో కడిగి ఇంకో జత ప్యాడ్లు వేశాడు. "పాతదే పెట్టీమంటావా? నీ బరువుకి అదే సరిపోతాది. ఇది మరీ గట్టిగా పట్టీసుకుంతాది" అన్నాడు. రేపు చెప్తానని సైకిల్ తీసుకుని వచ్చేశాను.

దారి పొడవునా కోపం. ఎవరి మీదో కూడా తెలియని కోపం. అమ్మ ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. కనీసం కూర్చోనివ్వలేదు.

"ఇంక నా సైకిల్ మీద సెయ్యెయ్యకమ్మా. నీ సేతుల వల్లే పడ్డాను రెండుసార్లూ."

"నానేటి సేసినానే? తుడిసినాను."

"అదే. తుడవకు. నీ సేతులు దానికి తగలకూడదు."

పెద్ద డిస్కు అక్కర్లేదని, నాలుగు ఆదివారాలూ దండగైపోయాయని కూడా అనేశాను. అమ్మ తన చేతులు చూసుకుంది. "అలాగేలే" అంది. ఆ మర్నాటి నుంచి కిరసనాయిలుతో, నిమ్మచెక్కతో, బూడిదతో చేతులు తోముకోవడం చూశాను. చూసి ఊరుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. తప్పయిందని అనడం మా ఇంట్లో అలవాటు లేదు. ప్రార్థనలో దేవుణ్ణి అడుగుతాం గానీ మనుషుల్ని అడగం.

ఆ అడగలేకపోవడంతోనే పాత డిస్కు పెట్టించలేదు. "తీసేయ్, పోటీలో కొంప ముంచుతుంది" అని మాస్టారు మొత్తుకున్నారు. ఉండనీండి సార్ అన్నాను. అమ్మ చర్చి మానుకుని కొన్నది నా ముందు చక్రానికి ఉంటే చాలు, నేను అన్న మాటలు కొన్నయినా వెనక్కి పోతాయని నా వెర్రి.

ఎంపిక రోజు అమ్మ పని మానుకుని టెక్కలి బస్సెక్కి వచ్చింది. నా పోటీ చూడ్డానికి రావడం అదే మొదలు. కొండ కింద రిఫరీ మైకులో నిబంధనలు చదివాడు. దారిలో పడితే మనమే లేవాలి, బయటివాళ్లు మనిషిని గాని సైకిల్‌ని గాని ముట్టుకుంటే పోటీ నుంచి తీసేస్తారు. అమ్మ అప్పటికే పైకి వెళ్లిపోయి, ఆఖరి మలుపు దగ్గర జీడిచెట్టు నీడలో నిలబడింది. ఆ మాటలు ఆమె చెవిన పడలేదు.

మూడు చుట్లు. మూడో చుట్టులో నేను మూడో స్థానంలో ఉన్నాను. ఆఖరి మలుపులో గులకరాళ్లు. అమ్మ కనబడింది. బ్రేకు మీద ఒక్క వేలు వేశాను, అంతే. ముందు చక్రం బిగుసుకుపోయింది. హ్యాండిల్ మీదుగా ఎగిరి పడ్డాను. మోకాలు చీరుకుపోయింది, సైకిల్ వచ్చి నా మీద పడింది.

అమ్మ పరుగెత్తుకొచ్చింది. రెండు అడుగుల దూరంలో ఆగిపోయింది. రెండు చేతులూ చీర కొంగులో చుట్టేసుకుంది.

"ముట్టుకోమంటావా?" అంది.

కన్న కూతుర్ని. రక్తం కారుతున్న కూతుర్ని.

"వద్దు" అన్నాను.

సైకిల్ తోసుకుని నేనే లేచాను. ఈలోగా ఒకమ్మాయి దాటిపోయింది. కుంటుతూ తొక్కి నాలుగో స్థానంలో వచ్చాను. జట్టులో నలుగురు. కాగితం వచ్చింది, సీటు వచ్చింది, తర్వాత ఈ ఉద్యోగమూ వచ్చింది.

తిరుగు బస్సులో అమ్మకి చెప్పాను. అది రూలమ్మా, ముట్టుకుంటే నన్ను తీసేసేవాళ్లు, అందుకే వద్దన్నాను, నీ చేతుల గురించి కాదు అని. రెండోసారి కూడా చెప్పాను. "అవునులే" అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఇంటికి వచ్చాక పసుపు నూరింది. నూనెలో కలిపి కాస్త వెచ్చ చేసి, గిన్నె తెచ్చి నా ముందు నేల మీద పెట్టింది.

"నువ్వే రాసుకో" అంది.

రాసుకున్నాను.