కోటిరత్నమ్మగారితో బందరు

మొన్న మా మనవరాలు పెడన నుంచి కలంకారీ దుప్పటి ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మడత విప్పగానే కరక్కాయ వగరు, దాని వెనకే సన్నటి పాలవాసన. బయట చినుకులు పడుతున్నా ఉక్క తగ్గలేదు. ఆ వాసనా ఆ ఉక్కా కలిసేసరికి నేను ఇంట్లో లేను. బందరులో, ఆషాఢంలో, తడిసిన చీరకొంగు పిండుకుంటూ కోటిరత్నమ్మగారి పక్కన నిలబడి ఉన్నాను. ఆవిడను మా మనవరాలు చూడలేదు. నా పిల్లలకూ ఆవిడ ఒట్టి పేరే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నూజివీడులో కోటిరత్నమ్మగారిది మా పక్కిల్లు. భర్త పోయాక ఆయన మామిడి వ్యాపారం ఆవిడే అందుకుంది. విస్సన్నపేట దారిలో సొంత తోట ఒకటి ఉండేది. అదికాక చుట్టుపక్కల తోటలు పూత మీదే బేరమాడి, కాయ దింపించి, వరిగడ్డి పరిచిన గంపల్లో ఊళ్ళకు పంపేది. పొడగరి. గొంతు పెద్దది. పిల్లలు లేరు. పెళ్ళిళ్ళలో పేరంటాల్లో ఆవిడ ఎదురు రాకుండా చూసుకునేవాళ్ళు. కష్టం వచ్చిన ఇంటికి మాత్రం అందరికంటే ముందు ఆవిడే వచ్చేది. వచ్చి ఓదార్పు మాటలేవీ చెప్పేది కాదు. పొయ్యి వెలిగించి ఎసరు పెట్టేది.

నేను ఉంగుటూరు నుంచి ఆ ఊరికి కోడలిగా వచ్చాను. మావాళ్ళది కిరాణా కొట్టు. మా అమ్మ చిన్నప్పుడే పోయింది కనుక తొలి కాన్పు అత్తవారింట్లోనే జరిగింది. స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవి అది. ఆడపిల్ల. బారసాల ఇంకా చేయనేలేదు, ఒక ఉదయం పాలు తాగడం మానేసింది. సాయంత్రానికి పోయింది. మామయ్యగారూ ఇంకో ఇద్దరు మగవాళ్ళూ తెల్లటి పాతగుడ్డలో చుట్టి తీసుకెళ్ళారు. ఎక్కడికని అడిగితే అత్తయ్య నా నోటి మీద చెయ్యి పెట్టింది. "అడక్కూడదమ్మా. మర్చిపోవాలి. మళ్ళీ పుడతారు," అంది. పాలు ఎండిపోవడానికి నా రొమ్ములకు మల్లెపూలు కట్టారు. ఆ పూలు వాడిపోయాక మా ఇంట్లో ఆ పిల్ల ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మా ఆయన కూడా ఎత్తలేదు.

నేనూ ఎత్తలేదు. ఆ మాటే కాదు, మరే మాటా మాట్లాడలేకపోయాను. ముద్ద గొంతు దిగేది కాదు. పిలిస్తే పలకనని అందరూ అనేవారు. నిజానికి నాకు వినిపించేది కాదు. నన్ను ఉంగుటూరు పంపుదామని ఇంట్లో మాట మొదలైంది. "కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండి వస్తుంది," అన్నారు. మా వీధిలో అంతకు రెండేళ్ళ ముందు అలాగే కొన్నాళ్ళకని వెళ్ళిన కోడలు తిరిగి రాలేదు. ఆ ఇంట్లోకి వేరే పిల్ల వచ్చింది. అది అందరికీ గుర్తే. నాకూ గుర్తే. అయినా నాకేమీ భయం వెయ్యలేదు. భయం వెయ్యకపోవడమే ఎంత భయమో ఇప్పుడు తెలుస్తోంది.

అప్పుడు కోటిరత్నమ్మగారు వచ్చి మా అత్తయ్య ఎదుట పీట వాల్చుకుని కూర్చుంది.

"వదినగారూ, అమ్మాయిని నాతో పంపండి. బందరు చూసొస్తాం. ఏటా ఆ ఊరికి కాయ పంపుతానే గానీ ఆ ఊరు ఎలా ఉంటుందో నాకు తెలీదు."

"ఈ వానల్లో ఏంటండీ ప్రయాణం?"

"కాపయ్యాకే గదండీ నాకు తీరిక. నా కోసం వానలు ఆగుతాయా?"

"దానికి ఒంట్లో బాగోలేదు."

"చూస్తున్నానుగా. అందుకే అడుగుతున్నాను."

ఆవిడ అడిగితే కాదనగలిగినవాళ్ళు మా వీధిలో లేరు. మర్నాడే బయల్దేరాం. యుద్ధం రోజుల నాటి, బొగ్గుతో నడిచే బస్సు ఒకటి ఇంకా తిరుగుతుండేది. అందులో కొంతదూరం, గుడివాడ నుంచి రైల్లో మిగతా దూరం. దారంతా ఆవిడ నాతో మాట్లాడుతూనే ఉంది. నేను జవాబివ్వకపోతే కిటికీలోంచి కనబడే నారుమళ్ళతో మాట్లాడింది. పక్కన కూర్చున్న ఎవరో ముసలాయన, "మీ అమ్మాయా అండీ?" అని అడిగితే, "అవునండీ," అంది ఏమాత్రం తడుముకోకుండా.

బందరులో వాన పడి వెలిసేది. వెలిసిన వెంటనే ఎండ చుర్రుమనేది. రోడ్ల మీద నుంచి ఆవిరి లేచేది. సత్రంలో దిగి, పొద్దున్నే ఊరు చూడ్డానికి జట్కా కట్టించుకున్నాం. ఎప్పుడో ఓడలొచ్చిన కాలంలో కట్టిన పాత మేడలు, పెచ్చులూడిన గోడలు, గోడల్లోంచి మొలిచిన రావిమొక్కలు. వాన తెరిపిచ్చినప్పుడల్లా కలంకారీ అద్దకంవాళ్ళు గుడ్డలు పరుగున తెచ్చి ఆరేసేవారు, చినుకు పడగానే మళ్ళీ పరుగున తీసేవారు. ఆవిడ అది చూసి నవ్వి, "మన వడియాల బతుకే వీళ్ళదీనూ," అంది. నాకూ నవ్వొచ్చిందనుకుంటాను. ఆవిడ నా వైపు చూసింది.

వలందపాలెం దగ్గరికి వచ్చేసరికి వాన ఒక్కసారిగా దంచికొట్టింది. వలందావాళ్ళంటే డచ్చి దొరలు. మన గుడ్డల కోసం సముద్రం దాటి వచ్చినవాళ్ళు. వాళ్ళ సమాధుల తోట అక్కడుంది. దాని వాకిలి కప్పు కింద తలదాచుకున్నాం. కాపలా ముసలాయన గోనెపట్టా పరిచి కూర్చోమన్నాడు. వాన కాస్త తగ్గాక కోటిరత్నమ్మగారు లోపలికి నడిచింది. వెనకే నేను. మంచాలంత నల్లరాతి పలకలు, వాటి మీద డాలుబొమ్మలు, ఏవో అక్షరాలు. అన్నిటి మధ్యా ఒక పలక చిన్నగా ఉంది.

"ఇదేంటి, ఇంత చిన్నది?" అని అడిగింది.

"పసిపిల్లదంటండి. మా తాత చెప్పేవాడు," అన్నాడు ముసలాయన.

"మరి ఇంత రాత ఏంటి దాని మీద?"

"పిల్ల పేరూ, అమ్మానాన్నల పేర్లూనంటండి. నాకు చదవడం రాదు."

ఆవిడ వంగి, ఆ అక్షరాల్లో నిలిచిన వాననీళ్ళు కొంగుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది. తర్వాత నా వైపు తిరక్కుండానే అడిగింది. "నీ పిల్లకి ఏం పేరు అనుకున్నావే?"

అంతవరకూ ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఆవిడ తుడవడం ఆపి నా వైపు తిరిగింది. "రాజ్యలక్ష్మి. మా అమ్మ పేరు," అన్నాను చివరికి.

"రాజ్యం," అంది ఆవిడ, ఎదురింటి పిల్లను పిలిచినట్టు. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఆ తడిరాతి మీదే కూర్చోబెట్టింది. "రాజ్యం నా తోటలోనే ఉందమ్మా. మీ మామగారు ఆ సాయంత్రం నా గుమ్మంలోకొచ్చి కాస్త చోటు అడిగారు. ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నారు. ఇన్నాళ్ళూ చెప్పలేదు. రోజూ గోడవతల నిన్ను చూస్తూ ఎలా ఊరుకున్నానో నాకే తెలీదు. మాట తప్పాను. ఆ పాపమేదో నాకే రానీ."

నేను ఏడ్చాను. పిల్ల పోయాక నోరారా ఏడవడం అదే మొదలు. కాపలా ముసలాయన మొహం తిప్పుకుని గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు. కోటిరత్నమ్మగారు నన్ను ఊరుకోమనలేదు.

తిరిగొచ్చిన రోజు ఇంటికి కూడా వెళ్ళకుండా, బస్సు దిగి తిన్నగా తోటకు నడిచాం. గట్టు పక్కన పెద్దరసం మామిడిచెట్టు. దాని కింద చుట్టూ రాళ్ళు పేర్చి ఉన్నాయి, కుక్కలూ నక్కలూ రాకుండా. ఆ రాళ్ళు ఆవిడే పేర్చిందని ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఇంటికెళ్ళాక అత్తయ్యకు నేనే చెప్పాను, ఎక్కడికెళ్ళి వస్తున్నామో. కసురుతుందనుకున్నాను. ఆవిడ బియ్యం చేట పక్కన పెట్టి, "ఎక్కడ? ఏ చెట్టు కింద?" అంది. ఆవిడకూ ఎవరూ చెప్పలేదు. తనకు పుట్టి పోయిన ఇద్దరు పిల్లల్ని ఎక్కడ పెట్టారో కూడా చెప్పలేదట. మర్నాడు నాతో తోటకు వచ్చి, ఆ రాళ్ళ ముందు చాలాసేపు కూర్చుంది. నన్ను ఉంగుటూరు పంపే మాట ఇంక ఎవరి నోటా రాలేదు. మామయ్యగారు మాత్రం కోటిరత్నమ్మగారితో మళ్ళీ ఏ వేసవికో గానీ మాట్లాడలేదు. ఆవిడ దానికి బాధపడింది. చేసినదానికి మాత్రం బాధపడలేదు.

ఆ తర్వాత నాకు ముగ్గురు పిల్లలు పుట్టారు. ముగ్గురికీ మొదటి స్నానం ఆవిడ చేతిమీదుగానే. శుభమా అశుభమా అని అత్తయ్య ఒక్కసారి కూడా అడ్డుచెప్పలేదు. కోటిరత్నమ్మగారు పోయినప్పుడు తలకొరివి పెట్టడానికి జి. కొండూరు నుంచి తమ్ముడి కొడుకు వచ్చాడు. పాడె లేచాక నేనూ వెనకే నడిచాను. "ఆడవాళ్ళు రాకూడదమ్మా," అన్నారు పెద్దలు. ఆగలేదు. మా ఆయన నన్ను ఆపలేదు. వెనక్కి వచ్చి నా పక్కన నడిచాడు. ఆవిడ చితి ఎక్కడ పేర్చారో నా కళ్ళతో చూసి గానీ ఇంటికి రాలేదు.

కిందటి నెలలో మా వీధి చివరింటి అమ్మాయికి నెలలు నిండకుండానే బిడ్డ పుట్టి పోయాడు. చూడ్డానికి వెళ్ళాను. గదిలో అందరూ కరెంటు గురించీ కూరల గురించీ మాట్లాడుతున్నారు. ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. మంచం మీద కూర్చుని, "ఏం పేరు పెడదామనుకున్నావమ్మా?" అని అడిగాను. వాళ్ళమ్మ కంగారుగా నా భుజం పట్టుకుంది. ఆ అమ్మాయి మెల్లగా ఇటు తిరిగింది. పేరు చెప్పింది. ఆ పేరు ఎందుకు పెడదామనుకున్నదో చెప్పింది. పిల్లవాడి ముక్కు ఎవరి పోలికో, వేళ్ళు ఎలా ఉన్నాయో చెప్పింది. ఆ అమ్మాయి చెప్పినంతసేపూ విన్నాను.