నాలుగేళ్లకు ఒక్క చుట్టు తిరిగే చక్రం

2023లో వానలు తగ్గుముఖం పట్టిన రోజులవి. సూరత్ అడాజన్‌లో ఒక హౌసింగ్ సొసైటీ కింది అంతస్తులో నాకు చిన్న వాచీ సర్వీసు దుకాణం ఉంది. ముంబైలో తొమ్మిదేళ్లు ఒక సర్వీస్ సెంటర్‌లో పనిచేసి వచ్చి పెట్టుకున్నాను. నా దగ్గరికి ఖరీదైన వాచీలు తెచ్చేవాళ్లలో చాలామందికి టైముతో పనుండదు. కొని లాకర్లో దాస్తారు, ధర పెరిగాక అమ్ముతారు. అలాంటి వాచీ కొనేవాళ్లు లోపలి భాగాలన్నీ కంపెనీ బిగించినవేనా అని చూస్తారు. పెట్టె, కాగితాలు అడుగుతారు. లోపల ఎక్కడైనా ఆకురాయి గీత కనపడితే సగం మంది వెనక్కి తిరిగి వెళ్లిపోతారు.

హితేశ్‌భాయ్‌కి వజ్రాలు సానబెట్టే చిన్న కార్ఖానా ఉంది. ఒక మధ్యాహ్నం ఆయన రుమాల్లో చుట్టిన వాచీని తెచ్చి నా బల్ల మీద పెట్టారు. అడాజన్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు కంటే దాని ఖరీదు ఎక్కువ. పర్పెచ్యువల్ క్యాలెండర్ వాచీ అది. అంటే ఏ నెలకు ముప్పై రోజులో, ఏ నెలకు ముప్పై ఒకటో, ఏ ఏడు లీపు సంవత్సరమో దానికే తెలుసు. ఆగకుండా నడుస్తుంటే 2100 దాకా తేదీ సరిచేయనక్కర్లేదు.

“ఫిబ్రవరి తప్పుతోంది బెన్,” అన్నారు హితేశ్‌భాయ్, గుజరాతీలో చెల్లెమ్మా అన్నట్టు. “ముంబై నుంచి కొనేవాళ్ల మనిషి వచ్చాడు. తేదీలు ముందుకు జరిపి చూశాడు. లీపు ఏడు కాకపోయినా ఇరవై తొమ్మిది చూపించింది. బాగైతేనే తీసుకుంటామన్నారు.”

“కంపెనీకి పంపండి భాయ్.”

“ఏడాది పడుతుందట. దీపావళికి ముందే అమ్మాలి. ఆర్డర్లు లేవు. ముప్పై మంది కారీగర్లున్నారు, పండగ ముందు ఎవర్ని ఇంటికి పొమ్మనను?”

నేను ఆ రకం వాచీని ముంబైలో మా సీనియర్ పక్కన కూర్చుని రెండుసార్లు చూశాను, అంతే. విప్పింది లేదు. అయినా తీసుకున్నాను.

డయల్ తీశాను. కందిగింజ కంటే కాస్త పెద్ద చక్రం ఒకటి మధ్యలో ఉంది. నాలుగేళ్లకు ఒక్క చుట్టు తిరుగుతుంది. దాని అంచున నలభై ఎనిమిది నెలలకు చోట్లున్నాయి. ముప్పై రోజుల నెలకు చిన్న గుంట, ఫిబ్రవరికి లోతు గుంట, లీపు ఫిబ్రవరికి వెంట్రుకవాసి తక్కువ లోతు. ఒక సన్నటి లీవర్ ముక్కు ఆ గుంటలోకి దిగి, ఎంత లోతు దిగిందో దాన్నిబట్టి నెలాఖరున ఎన్ని తేదీలు దాటించాలో నిర్ణయిస్తుంది. ఈ ఏర్పాటు ఊహించిన మనిషి ఎలాంటివాడో అనిపించింది.

మూడు రోజులు శుభ్రం చేశాను, నూనె పెట్టాను, మళ్లీ బిగించాను. ఫిబ్రవరి తప్పుతూనే ఉంది. లీవర్ ముక్కు లోతు గుంట అడుగుదాకా దిగడం లేదు. నాలుగో రోజుకి నాకు తోచింది ఒక్కటే. గుంట అంచు కొద్దిగా అరగదీస్తే ముక్కు దిగుతుంది. సూది మొన లాంటి ఆకురాయి చేతిలోకి తీసుకున్నాను.

సరిగ్గా అప్పుడే మా బాపు, అంటే నాన్న, వచ్చాడు. బాపు సూరత్‌లోనే, కోసాడ్‌లో ఉంటాడు. కరీంనగర్ వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లు ఇక్కడి పవర్‌లూమ్ షెడ్లలో జాబర్‌గా, అంటే మగ్గాలు సరిచేసే మేస్త్రీగా పనిచేశాడు. నా మొహం చూసి, “ఏందే బిడ్డా, గట్లున్నవ్?” అన్నాడు.

చెప్పాను. మైక్రోస్కోపు ఆయన వైపు తిప్పాను. చాలాసేపు కన్ను తీయలేదు. తీసేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

“గిది డాబీ గదనే!” అన్నాడు.

డాబీ అంటే ఏ పోగులు ఎప్పుడు లేవాలో మగ్గానికి చెప్పే పెట్టె. మేకులు దిగ్గొట్టిన చెక్కపట్టీలు గొలుసులా తిరుగుతుంటాయి. మేకు ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. అలా బట్ట మీద డిజైన్ పడుతుంది.

“గా ఆకురాయి కింద పెట్టు,” అన్నాడు బాపు. “డిజైన్ల తప్పుండదు. నడిపించేటిదాన్ల ఉంటది. ముక్కును నెట్టే స్ప్రింగ్ ఏది?”

చూపించాను.

“అన్నిటికన్న లోతుకు దిగినప్పుడే గది వదులైతది. జర బలం తగ్గినా, పైపై గుంతలల్ల మంచిగనే పనిజేస్తది. లోతుకొచ్చేసరికి నెట్టలేదు. డాబీల గిట్లనే అయ్యేది, సూసేటోల్లు చెక్కపట్టీలు మార్చేటోల్లు.”

స్ప్రింగ్ తీసి వెలుతురులో చూశాను. ఇంతకుముందు విప్పినవాళ్లెవరి చేతిలోనో అది కొద్దిగా ఒంగిపోయింది. పటకారుతో నెమ్మదిగా దారిలోకి తెచ్చాను. బిగించాను. ఇంకొక్క నిమిషం ఆగి వచ్చుంటే బాపు చూసేది నేను పాడుచేసిన చక్రాన్ని.

మరునాడు హితేశ్‌భాయ్‌ని పిలిచాను. నాలుగేళ్లంటే 1461 రోజులు. కేసు పక్కనున్న చిన్న మీటను పుల్లతో నొక్కితే ఒక రోజు జరుగుతుంది. లీపు ఏడు ఫిబ్రవరి దాటిన మార్చి ఒకటి దగ్గర ముళ్లు పెట్టి, అన్నిసార్లూ నొక్కాను. ముగ్గురం వాచీ మీదికి వంగి చూస్తున్నాం. మూడు ఫిబ్రవరులు ఇరవై ఎనిమిది నుంచి టక్కున ఒకటికి దూకాయి. నాలుగోది ఇరవై తొమ్మిది దగ్గర ఆగింది. ఇంకోసారి నొక్కాను. తేదీ, నెల, ఏడు లెక్కించే ముల్లు, అన్నీ ఒకేసారి కదిలాయి. మార్చి ఒకటి.

హితేశ్‌భాయ్ కుర్చీలో కూలబడ్డారు.

“ఆరేళ్లు నా లాకర్లో ఉంది బెన్. ఎంత పెరిగిందో ప్రతి నెలా కనుక్కున్నాను. లోపల ఏముందో ఒక్కసారి చూడలేదు.”

దీపావళికి పది రోజుల ముందు అది అమ్ముడుపోయింది. కారీగర్లందరూ పనిలో ఉన్నారు.

వాచీతో పాటు సర్వీసు చీటీ కూడా ఇవ్వాలి. ఆ చీటీ కాగితాల్లో చేరి, వాచీ ఎన్ని చేతులు మారితే అన్ని చేతులకూ పోతుంది. ‘స్ప్రింగ్ సరిచేశాం, ఏ భాగమూ మార్చలేదు, అరగదీయలేదు’ అని రాసి సంతకం పెట్టాను. పెన్ను బాపుకి ఇచ్చాను.

“నేనెందుకే? నేను మగ్గాలోన్ని.”

“తప్పు పట్టుకున్నది నువ్వే గద బాపూ.”

నా సంతకం కింద తెలుగులో నెమ్మదిగా తన పేరు రాశాడు. ఆయన సరిచేసిన మగ్గాల మీద ఎన్ని వేల చీరలు దిగాయో. ఏ చీర మీదా ఆయన పేరు లేదు.

ఏ వాచీ కొంటే ధర పెరుగుతుందని ఇప్పటికీ అడుగుతుంటారు. కొనేముందు ఒకసారి లోపల చూపించమని అడగండి అంటాను. నా మటుకు నేను, లోపం ఎక్కడుందో తెలియకుండా ఆకురాయి ముట్టుకోను. ఇంకో సంగతి కూడా ఆ వాచీయే నేర్పింది. మగ్గాల పని కాకుండా వేరే విద్య నేర్చుకున్నానని ఇన్నేళ్లూ అనుకున్నాను. నేను చేస్తున్నది బాపు పనే.