కంట్రోల్ పట్టీ

“దీదీ నహీ రహీ.” మా పాత ల్యాబ్ వాట్సాప్ గ్రూపులో మంగళవారం పొద్దున, దీదీ ఇక లేదన్న ఆ ఒక్క ముక్కే ఉంది. గురుగ్రామ్ ఆఫీసు క్యాబ్‌లో, పక్కన మనుషులున్నారని కూడా చూడకుండా ఏడ్చాను. ల్యాబ్‌లో అందరికీ ఆవిడ దీదీ. అక్కా అని పిలిచింది నేనొక్కదాన్నే.

గ్రేటర్ నోయిడాలో నేను పీహెచ్‌డీకి చేరేనాటికే అక్క అక్కడ టెక్నీషియన్. శ్రీకాకుళం మనిషి. మయూర్ విహార్ నుంచి వచ్చేది. మా పని ప్రోటీన్లను పట్టుకోవడం. మొదటి యాంటీబాడీ ప్రోటీన్‌కి అంటుకుంటుంది. లేబుల్ తగిలించిన రెండోది ఆ మొదటిదాన్ని పట్టుకుని, ఫోటోలో వెలుగు గీతగా కనిపిస్తుంది. రెండోది పోసి, ప్రోటీన్లు అంటించిన పల్చటి మెంబ్రేన్‌ను ఊపే యంత్రం మీద పెట్టాక గంటసేపు ఆగాలి. ఆ గంటే మా తెలుగు గంట. “ఏటే, మొహం అలా పీక్కుపోయింది? తిన్నావా?” అని మొదలెట్టేది. హాస్టల్లో వారమంతా ఎవరికీ చెప్పుకోలేనిదంతా అప్పుడే వెళ్లబోసుకునేదాన్ని.

ఆవిడది ఒకటే పట్టు. ప్రతిసారీ మెంబ్రేన్‌లో ఒక పట్టీకి మొదటిది వేయకుండా రెండోది మాత్రమే వేయాలి. అదే కంట్రోల్. పట్టుకోవడానికి మొదటిది లేదు కాబట్టి అది చీకటిగా ఉండాలి. “ఎలిగిందాన్ని సూసి మురిసిపోడం కాదే. ఎలగకూడంది ఎలగలేదు కదా, అది సూడు.”

ఓసారి తొందరలో ఆ పట్టీ ఎగ్గొట్టాను. గీత ఎంత బాగా వచ్చిందో! మీటింగ్‌లో గొప్పగా చూపించాను. వారం తర్వాత అక్కే మళ్లీ చేసి చూస్తే, ఒట్టి రెండోది వేసిన పట్టీ కూడా అచ్చం అలాగే వెలిగింది. అంటే రెండోది దానంతటదే ఎక్కడపడితే అక్కడ అంటుకుంది; నా ఫలితమంతా ఉత్తదే. మా గైడ్ సార్ మండిపడ్డారు. కంట్రోల్ వదిలేసిందెవరని అందరి ముందూ అడిగారు.

“మై భూల్ గయీ, సర్,” అంది అక్క, మర్చిపోయింది తనేనన్నట్టు.

చీవాట్లన్నీ తనే తింది. తర్వాత నాతో, “రేపు మళ్లీ సేద్దాం, పద,” అంది, అంతే. నేను కిమ్మనలేదు. థీసిస్ అయింది, ఉద్యోగం వచ్చింది. నిజం చెబుదాం చెబుదాం అంటూనే ఏళ్లు గడిపేశాను, సిగ్గులేనిదాన్ని.

ఆదివారం సంతాప సభ అయ్యాక సార్ దగ్గరికెళ్లి చెప్పేశాను. ఆ రోజు కంట్రోల్ వదిలేసింది దీదీ కాదు సార్, నేను, అని.

“కౌన్ సా కంట్రోల్, బేటా?” అన్నారాయన. ఏ కంట్రోలో ఆయనకి నిజంగానే గుర్తులేదు. ఈలోగా ఎవరో ఆయన్ని టీకి తీసుకెళ్లారు.

ఆ తప్పు తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది. క్షమించగలిగిందీ ఆవిడే. హాలు ఖాళీ అయింది. అక్క ఫోటో ముందు నిలబడి, “అక్కా, నేనే,” అన్నాను.

కుర్చీలు మడత పెడుతున్న పనామె, తనతో ఏమైనా అన్నానేమోనని తలెత్తింది. “కుఛ్ కహా, మేడమ్?”

“కుఛ్ నహీ,” అన్నాను.